ఆరేళ్ల మనవరాలికి బండి ఎందుకు?

మన సంఘం కుటుంబాల్లో అమెరికాలో పిల్లలు లేనివాళ్లు ఏటికేడాదీ తగ్గిపోతున్నారు. అమ్మాయో అబ్బాయో రమ్మంటారు, మనం వెళతాం. వేసవిలో వెళ్లామంటే మనవలకు సెలవులు. ఇక ఫ్లారిడా ప్రయాణం కట్టడం, డిస్నీ వరల్డ్ చూడడం తప్పదు. వీసా గురించి, మందుల చీటీల గురించి, ఆవకాయ ఎలా కట్టుకోవాలన్న దాని గురించి చెప్పేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది అంతకంటే చిన్న సంగతి. ఐదారేళ్లు నిండిన పిల్లలకు అక్కడ కూర్చోబెట్టి తోసే బండి, అదే స్ట్రోలర్, కావాలా వద్దా? కావాలంటే ఎలాంటిది చూసుకోవాలి?

మాది బరంపురం. నేను బ్యాంకు ఉద్యోగిని. 2024 మే నెలాఖరున సెలవు పెట్టి, మా ఆవిడతో కలిసి అట్లాంటాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. అక్కడినుంచి డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండో ప్రాంతానికి కారులో సుమారు 700 కిలోమీటర్లు. నాలుగు రోజుల కార్యక్రమం వేశారు. మనవడికి మూడేళ్లు కాబట్టి వాడికి బండి తీసుకోవడంలో ఎవరికీ పేచీ లేదు. ఆరేళ్లు దాటిన మనవరాలికి కూడా సీటు ఉండాలని మా అమ్మాయి అనేసరికి ఇంట్లో పంచాయితీ మొదలైంది.

"ఎత్తుకుంటే కాళ్లు నేలకు తగిలేటట్టున్న పిల్ల. దాన్ని బండిలో కూర్చోబెడితే చూసినవాళ్లు ఏమనుకుంటారే?" అంది మా ఆవిడ.

అల్లుడుగారు ఏమీ మాట్లాడలేదు. అంతకు ముందు ఏడాదే ఆయనకు నడుముకి ఆపరేషన్ అయింది. బరువులు ఎత్తకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. నేనా, 57 ఏళ్లవాణ్ణి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పిల్ల మధ్యాహ్నానికే చతికిలబడితే ఎత్తుకుని తిరిగేవాళ్లు లేరు. అప్పుడు ఎవరో ఒకరు దాన్ని తీసుకుని హోటల్ గదికి వెళ్లిపోవాలి. ఆ ఒకరు ఎవరో వేరే చెప్పాలా? అమ్మమ్మే. పిల్లలందరితో కలిసి నాలుగు రోజులు గడపాలని అంత దూరం వచ్చిన మనిషి, నాలుగు గోడల మధ్య టీవీ చూస్తూ కూర్చోవాలి. ఏతావాతా తేలవలసింది పిల్ల నడవగలదా లేదా అన్నది కాదు, సాయంత్రం దాకా ఆరుగురమూ కలిసి ఉండగలమా లేదా అన్నది.

అంకెలతో బతికేవాణ్ణి కనుక లెక్కలోకి వస్తాను. డిస్నీ వరల్డ్ స్థలం మొత్తం నూరు చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో నాలుగు పెద్ద పార్కులు. 1971లో మొదట తెరిచింది మ్యాజిక్ కింగ్‌డమ్. తరవాత 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్నది, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఎప్‌కాట్‌లో ఒక కొలను చుట్టూ 11 దేశాల పేరిట కట్టడాలున్నాయి. ఆ కొలను చుట్టిరావడమే దాదాపు 2 కిలోమీటర్లు.

మొదటి రోజు రాత్రి నా ఫోను 18 వేల అడుగులు నడిచానని చూపించింది. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం ఆరేళ్ల పిల్లల ఎత్తు సుమారు 115. ఎత్తును బట్టే అంగ అనుకుంటే, నా 18 వేల అడుగులు ఆ పిల్లకు 26 వేల పైచిలుకు. అదీ ఫ్లారిడా ఎండలో. పైగా పిల్లలు అన్నిటికంటే ఎదురుచూసే బాణసంచా బాగా చీకటి పడ్డాకగాని మొదలవదు. బండి అనేది నడక రాని పిల్లలకే అని మనం అనుకుంటాం. నిజానికి అక్కడ అది, పిల్ల కాళ్లకంటే రోజు పొడుగైపోయినందుకు.

సరే, బండి కావాలన్నాక ఎలాంటిది? మొదట చూడవలసింది వయసు కాదు, బరువు. అక్కడ దొరికే మామూలు బండ్లకు ఒక్కో సీటు మోసే హద్దు ఎక్కువగా 50 పౌండ్లు, అంటే సుమారు 22.7 కిలోలు. ఆరేళ్ల పిల్లలు సగటున 20 కిలోలుంటారు, ఏడేళ్లవాళ్లు 22 దాటతారు. అంటే ఆరేళ్లకు ఆ హద్దులో ఇముడుతుంది, ఏడేళ్లకు అంచుమీద ఉంటుంది. పెద్ద చక్రాల బండ్లలో కొన్ని 75 పౌండ్ల దాకా మోస్తాయి. బయలుదేరే ముందు ఇంట్లోనే పిల్లను బూట్లతో సహా తూకం వెయ్యండి. అంచనాలు పనికిరావు.

రెండోది ఎత్తు. సీటుకూ పైకప్పుకూ మధ్య పిల్ల తల తగలకుండా ఉండాలి. కాళ్లు పెట్టుకునే పలక కిందికి ఉండాలి. లేకపోతే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, లేదా బూట్లు నేలమీద ఈడ్చుకుపోతాయి. మేము అట్లాంటాలో ఒక దుకాణానికి పిల్లలిద్దరినీ తీసుకెళ్లి, ఒక్కొక్క బండిలో కూర్చోబెట్టి చూశాం. చీరకు అంచు చూసినట్టు దీనికి పలక చూడాలి.

మూడోది కొలత. 2019 మే 1 నుంచి డిస్నీ పార్కుల్లోకి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన బండి రానివ్వరు. సెంటీమీటర్లలో 79, 132. లాగే బళ్లు, అదే వ్యాగన్‌లు, ఆ రోజునుంచే పూర్తిగా నిషేధం. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చునే జంట బండి తీసుకునేవాళ్లు టేపు పెట్టి కొలవడం తప్పనిసరి.

ఇక కొనాలా, అద్దెకు తీసుకోవాలా? పార్కు లోపల అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్ బండ్లు. ఒంటి సీటుకు 50 పౌండ్లు, జంట సీట్లకు మొత్తం 100 పౌండ్లు హద్దు. పట్టుకోవడం, వదిలేయడం తేలికే. కాని సీటు వెనక్కి వాలదు, పిల్ల నిద్రపోతే మెడ వేలాడుతుంది. అన్నిటికంటే పెద్ద లోపం, వాటిని గేటు దాటించనివ్వరు. పిల్లలు నిజంగా సోలిపోయేది రాత్రి గేటు దాటి కారు దగ్గరికో బస్సు దగ్గరికో నడిచేటప్పుడే. బయటి సంస్థలు మంచి బండ్లను అద్దెకిచ్చి హోటల్‌కే చేరుస్తాయి. నాలుగు రోజుల అద్దె కొత్త బండి ధరలో మూడో వంతు కూడా కాలేదు. మా కారు డిక్కీలోనా, ఆరుగురి సామానుతో చోటు లేదు. అందుకని జంట బండి అద్దెకే తీసుకున్నాం. రెండో పిల్లవాడు ఇంకా చంటివాడైతే, లేక ఏటా వెళ్లేవాళ్లైతే, కొనుక్కోవడమే లాభం కావచ్చు. ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి.

ఇంకా కొన్ని చిన్న జాగ్రత్తలు. అక్కడి బస్సుల్లో బండిని మడవాలి, కాబట్టి మడత తేలిగ్గా పడేది చూడండి. మడిచే బండి ఉపాయం, మొదట గొడుగులా మడిచేది, 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లీషు ఇంజనీరుది. ఆయన అంతకు ముందు విమానాల చక్రాల మీద పని చేసినవాడు. తోసే పిడికి బరువైన సంచులు తగిలించకండి. పెద్దపిల్ల దిగిన మరుక్షణం బండి వెనక్కి తిరగబడుతుంది. వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ కప్పు దగ్గరుంచుకోండి. చాలా ఆటల వరసల్లోకి బండి తీసుకెళ్లకూడదు, బయట నిలపాలి. అక్కడి సిబ్బంది వాటిని సర్దుతూ అటూ ఇటూ జరుపుతారు. మేము మా బండికి ఎర్ర రిబ్బను కట్టాం, దూరంనుంచే కనిపించేది. డబ్బు, పాస్‌పోర్టులు అందులో వదలకూడదని చెప్పనక్కర్లేదు.

నడవడంలో నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లలైతే సంగతి వేరు. ఎక్కువ బరువు మోసే ప్రత్యేకమైన బండ్లున్నాయి. పార్కులోని గెస్ట్ రిలేషన్స్ కార్యాలయంలో అడిగితే, బండిని చక్రాల కుర్చీగా పరిగణించమని ఒక చీటీ కడతారు. అప్పుడు వరసలోకి కూడా తీసుకెళ్లవచ్చు. మొహమాటపడకుండా అడగాలి.

అన్నీ చూసుకున్నాక మిగిలింది మనవరాలి మాట. "నేను పాపనా తాతయ్యా?" అంది, బండి చూడగానే. "కాదమ్మా. నడవాలనిపిస్తే నడువు, కూర్చోవాలనిపిస్తే కూర్చో. ఎవరూ ఎక్కమనరు, దిగమనరు" అన్నాను. మొదటి రోజు మధ్యాహ్నం దాకా దాని సీటులో మా గొడుగులూ మంచినీళ్ల సీసాలూ ప్రయాణం చేశాయి. మూడు గంటలకు అదే మాట్లాడకుండా ఎక్కి కూర్చుంది. రాత్రి బాణసంచా చూసింది మాత్రం నిలబడి, తమ్ముణ్ణి లేపి మరీ.

రెండో రోజు ఎప్‌కాట్ కొలను సగం చుట్టేసరికి మా ఆవిడ ఒక బల్లమీద కూలబడింది. మనవరాలు బండి దిగి, "అమ్మమ్మా, నువ్వు కూర్చో, నేను తోస్తా" అంది. 50 పౌండ్ల హద్దు గుర్తొచ్చి అందరం నవ్వాం, మా ఆవిడ కూడా. మర్నాడు పొద్దున్న పార్కు గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకు తీసుకుందామంటే ఆవిడ ఒక్క మాట అడ్డు చెప్పలేదు. "పిల్లకు లేని నామోషీ నాకెందుకు?" అంది. చివరి రెండు రోజులూ ఆరుగురం రాత్రి దాకా కలిసే తిరిగాం. గదిలో ఎవరూ మిగల్లేదు.

మా బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. ఆ జనంలో ఏడేళ్ల పిల్లల్ని కూడా తండ్రులు భుజాలమీద ఎక్కించుకుని తిప్పుతారు. ఇంత పిల్లను మోస్తావేమిటని ఎవరూ అడగరు. భుజం ఓపిక ఉన్నచోట భుజం, లేనిచోట చక్రాలు. ఈ వేసవికి ప్రయాణం కడుతున్నవాళ్లు టేపు, తూకం దగ్గర పెట్టుకుని, ముందుగా పిల్లనే ఒక మాట అడగండి.