ఊరు కదలలేదు, దేశం మారింది

12వ తరగతి ఇంగ్లీషు పుస్తకం ‘ఫ్లెమింగో’లో మొదటి పాఠం ‘ది లాస్ట్ లెసన్’. ఫ్రెంచి రచయిత అల్ఫాన్స్ దోదే కథ. ఇకపై బడిలో జర్మన్ భాషే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వస్తుంది. హామెల్ మాస్టారు చివరిసారి ఫ్రెంచి పాఠం చెబుతారు. ఆ కథ జరిగిన అల్సాస్ ప్రాంతానికి ముఖ్య నగరం స్ట్రాస్‌బర్గ్. ఫ్రాన్సుకు తూర్పు అంచున, రైన్ నది పక్కన ఉంటుంది. నది దాటితే జర్మనీ.

మనం బదిలీల మీద ఊళ్లు మారతాం. అక్కడివాళ్లకు ఇల్లు కదలకుండానే దేశం మారింది. 1869లో అక్కడ పుట్టి 1945 దాకా బతికిన మనిషిని ఊహించుకుందాం. పుట్టింది ఫ్రాన్సులో. 1871లో ఊరు జర్మనీది అయింది, 1918లో మళ్లీ ఫ్రాన్సుకు వచ్చింది. 1940లో హిట్లర్ సైన్యం ఆక్రమించింది, 1944 నవంబరులో తిరిగి ఫ్రాన్సు చేతికి వచ్చింది. ఒక్క జీవితంలో నాలుగు మార్పులు!

ఆ ఊరు చూడబోతే ముందు కంటబడేది ఎర్రరాతి చర్చి. ఎత్తు 142 మీటర్లు, మన కుతుబ్ మినార్‌కు దాదాపు రెట్టింపు. 1647 నుంచి 1874 వరకు ప్రపంచంలో అంతకన్నా ఎత్తయిన కట్టడం లేదు. రెండు శిఖరాలు ఉండాల్సిన చోట ఒకటే ఉంటుంది. 1870 యుద్ధంలో ఫిరంగి గుండ్లు పడి ఊరి గ్రంథాలయం కాలిపోయింది. మరెక్కడా ప్రతి లేని చేతిరాత పుస్తకాలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. భాష చెప్పేవాళ్లం కాబట్టి, ఆ ఊరి నష్టాలన్నిటిలో మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

పాత ఊరి పక్కన జర్మన్లు కట్టించిన కొత్త ఊరు ఉంది. అందులో ఒక కూడలికి వాళ్లు చక్రవర్తి పేరు పెట్టారు. ఇప్పుడు దాని పేరు రిపబ్లిక్ కూడలి. అక్కడ 1936లో పెట్టిన యుద్ధ స్మారకం తప్పక చూడాలి. ఒక తల్లి, ఆమె ఒడిలో చనిపోతున్న ఇద్దరు కొడుకులు. ఒకడు ఫ్రాన్సు తరఫున, ఒకడు జర్మనీ తరఫున పోరాడాడని భావం. ఇద్దరి ఒంటి మీదా సైనిక దుస్తులు లేవు. ఏ దేశం కోసం చనిపోయారో రాయి మీద రాయలేదు. ‘మన మృతులకు’ అని మాత్రమే ఉంటుంది.

దోదే కథ చదివితే ఒక విషయం తెలియకుండా పోతుంది. ఆ రోజుల్లో అల్సాస్‌లో చాలామంది పిల్లలు ఇంట్లో మాట్లాడింది ఫ్రెంచి కాదు, పుస్తకాల జర్మనూ కాదు. జర్మన్‌కు దగ్గరి చుట్టమైన అల్సేషియన్. బడి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల భాషే బడి భాష. 1940లో ఫ్రెంచిని నిషేధించారు, వీధుల పేర్లూ మనుషుల పేర్లూ జర్మన్‌లోకి మార్చారు. యుద్ధం ముగిశాక ఫ్రెంచి తిరిగొచ్చింది, బడిలో అల్సేషియన్ మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడ్డాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో ఇంకో భాష మనకు అలవాటే. అమ్మతో మాట్లాడే మాటకు బడిలో శిక్ష పడటం వేరు.

2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రామ్ రైన్ వంతెన దాటి జర్మనీలోని కేల్ ఊరికి వెళుతోంది. కొన్ని సరుకులు చవకని ఇవతలివాళ్లు అటు వెళ్లి కొనుక్కొస్తారు. పాత ఊళ్లో మాత్రం వీధి పలకలను ఆగి చదవాలి. పైన ఫ్రెంచిలో ‘ర్యూ’ అని, కింద అల్సేషియన్‌లో ‘గాస్’ అని ఉంటుంది. రెండింటికీ అర్థం వీధే.