పిన్ని టిఫిన్ కొట్టూ, సర్వర్ గడియారమూ

ఆర్ట్స్ అమ్మాయికి సర్వర్లతో ఏం పని అనకండి. సెలవుల్లో మా అన్నయ్య చెప్పబోతే ముందు నాకూ తలకెక్కలేదు. రాయగడలో మా పిన్ని కొట్టులో కూర్చున్నాక అర్థమైంది.

పిన్ని ఒక్కతే కొట్టు నడుపుతుంది. ఒకరు తెలుగులో ఇడ్లీ అడుగుతారు, ఇంకొకరు ఒడియాలో చాయ్ అడుగుతారు. ఎవరు పిలిస్తే వాళ్ల పని చూస్తుంది. సర్వర్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. 2009లో ర్యాన్ డాల్ తయారుచేసిన నోడ్ జేఎస్ ఈ పద్ధతిలోదే. మన ప్రోగ్రామును నడిపేది ఒక్కటే థ్రెడ్, అంటే ఒక్క మనిషి. వచ్చిన కబురు అందుకోవడం, పని చేయడం, మళ్లీ ఎదురుచూడడం. దీన్నే ఈవెంట్ లూప్ అంటారు.

కానీ ఎవరూ అడగకపోయినా చేయాల్సిన పనులు ఉంటాయి కదా! పొయ్యి మీద ఇడ్లీ చూడాలి, బల్లలు తుడవాలి. సర్వర్ కూడా పాత వివరాలు తుడవాలి, లెక్కలు రాసుకోవాలి. అందుకని ఏ పని ఎప్పుడో వరుసగా గుర్తుపెట్టుకుంటుంది. అన్నిటికంటే దగ్గరున్న సమయం వరకే నిద్రపోతుంది. ఈలోగా కబురొస్తే లేస్తుంది, రాకపోతే ఆ సమయానికి లేచి పని చేస్తుంది.

ఇక్కడ రెండు చిక్కులు. మొదటిది టైము. పది నిమిషాలకోసారి చేసే పనికి ఒక నిమిషం పడుతుందనుకోండి. పని అయ్యాక పది నిమిషాలు లెక్కపెడితే 6:00, 6:11, 6:22 అని జరిగిపోతూ ఉంటుంది. గడియారం ప్రకారం లెక్కపెడితే 6:10, 6:20కే వస్తుంది. అయితే 6:35 దాకా తీరిక దొరకలేదంటే, తప్పిన మూడుసార్లూ వరసగా చేయకూడదు. ఒక్కసారి చేసి 6:40 కోసం చూడాలి.

రెండోదే పెద్దది. పోయిన దసరా రద్దీలో పిన్ని అరగంట లెక్కల పుస్తకం ముందు కూర్చుంది. "టికే రుహంతు, కొంచెం ఆగండి" అని రెండు భాషల్లోనూ అంటూనే ఉంది, జనం పక్క కొట్టుకి వెళ్లిపోయారు. ఆ రోజు పిండి మిగిలిపోయింది. సర్వర్ అలా ఒకే పనిలో మునిగితే, అవతల ఉన్నవాళ్లందరికీ స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది.

దీనికి రెడిస్ అనే డేటాబేస్ మంచి ఉదాహరణ. ఓటీపీలాంటి గడువున్న వివరాలు దాచడానికి దాన్ని వాడతారు. మామూలుగా సెకనుకి పదిసార్లు లేచి, గడువున్న వాటిలో కొన్నిటిని మాత్రమే తీసి చూస్తుంది. గడువు దాటినవి తుడిచేస్తుంది. తనకిచ్చిన సమయం అయిపోతే మిగతావి తర్వాతికి వదిలి, అడిగినవాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. ముక్కలు చేయడం కుదరని పెద్ద పనైతే వేరే ప్రాసెస్‌కి, అంటే ఇంకో మనిషికి అప్పగించాలి.

ఇంకో మనిషిని పెట్టుకునే స్తోమత పిన్నికి లేదు. అందుకే ఇప్పుడు చాయ్ మరిగేలోగా రెండు వరుసలు, అంతే, లెక్క రాసి పుస్తకం మూసేస్తుంది. రాత్రికి లెక్క పూర్తవుతోంది, పిండి కూడా మిగలట్లేదు.