తెప్ప: నీళ్లు నిలవని పడవ

చిన్న చేపల పడవలోకి సముద్రపు నీళ్లు రెండు రకాలుగా వస్తాయి. ముక్కు అలలోకి దిగినప్పుడు పలచటి నీటి పొర పడవ చెంపల మీదుగా పైకి పాకి, అంచు దాటగానే గాలికి జల్లై లోపల పడుతుంది. ఇది తుంపర. మనిషిని, వలను తడుపుతుందే గాని పడవను ముంచదు. రెండోది తీరం దగ్గర విరిగే కెరటం. మీటరు ఎత్తున్న అల సుమారు 1.3 మీటర్ల లోతుకు చేరేసరికి దాని అడుగు నేల తగిలి వెనకబడుతుంది, తల ముందుకు తూలి విరుచుకుపడుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చాలా ఊళ్లలో రేవు లేదు, ఇసుక ఒడ్డే రేవు. వేటకు వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి ఆ విరిగే కెరటాలను దాటక తప్పదు.

తుంపరకు మందు తేలికే. పడవ చెంపల వెంట సన్నని పట్టీ ఒకటి బిగిస్తే పైకి పాకే నీటి పొర అక్కడ తెగి పక్కకు పడుతుంది. పట్టీ కింది అంచు గుండ్రంగా ఉంటే మాత్రం నీరు దాన్ని అంటిపెట్టుకుని ఒంపు తిరిగి పైకే వస్తుంది. పని చేసేది పట్టీ కాదు, ఆ అంచు పదును.

విరిగే కెరటాన్ని ఏ పట్టీ ఆపలేదు. కోరమాండల్ తీరం దానికి రెండు జవాబులు కనిపెట్టింది. ఒకటి మసూలా పడవ: ఎత్తైన పక్కలు, లోపల కర్రల చట్రం లేదు, ఇనుప మేకు లేదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టి, కుట్ల కింద పీచు కూరేవారు. నేలకు కొట్టుకున్నా విరగకుండా వంగేది. మద్రాసు రేవు కట్టకముందు దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి ప్రయాణికులను, సరుకును ఒడ్డుకు చేర్చినవి ఇవే. కానీ కుట్ల సందుల్లోంచి ఊరే నీటిని, అంచు దాటి పడే నీటిని ఎవరో ఒకరు ఎప్పుడూ తోడిపోస్తూనే ఉండాలి.

రెండో జవాబు తెప్ప. తేలికపాటి దుంగలు కొన్ని పక్కపక్కన కట్టినది. 1920లో భారతీయ పడవల మీద గ్రంథం వెలువరించిన మద్రాసు మత్స్యశాఖ అధికారి జేమ్స్ హార్నెల్, విశాఖ, గంజాం తీరాల్లో దుంగలను కర్ర మేకులతో కలిపే పద్ధతిని ప్రత్యేకంగా నమోదు చేశాడు. తెప్ప నీటిని ఆపదు. పైన పడిన కెరటం దుంగల సందుల్లోంచి, పక్కల నుంచి జారిపోతుంది. తేలే బలం లోపలి ఖాళీలో లేదు, కర్రలోనే ఉంది. కాబట్టి నిండి మునగడమనేదే ఉండదు. బీద మత్స్యకారుడి నాటు సాధనంగా చూసి దీన్ని చిన్నబుచ్చడం తప్పు. ఎంత తెలివైన ఏర్పాటో లెక్క వేస్తే తెలుస్తుంది.

6 మీటర్ల పొడవు, సగటున 1.2 మీటర్ల వెడల్పు ఉన్న పడవలో 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది 720 లీటర్లు, అంటే సుమారు 740 కిలోలు. పది మంది మనుషుల బరువు కన్నా ఎక్కువ. పైగా ఆ బరువు ఒకచోట ఉండదు. పడవ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే పరుగెత్తి ఇంకాస్త ఒరగదోస్తుంది. ఇప్పుడు నీరు నిలిచిన తలం బయటి నీటిమట్టం కన్నా ఎత్తున ఉందని, పక్కల్లో 5 సెంటీమీటర్ల వ్యాసం గల తూములు నాలుగు పెట్టామని అనుకుందాం. మొదట్లో ఒక్కో తూములోంచి సెకనుకు లీటరున్నర పైచిలుకు పోతుంది. మట్టం తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. మొత్తం ఖాళీ కావడానికి మూడున్నర నిమిషాలు పడుతుంది. ఎనిమిది, పది సెకన్లకొక కెరటం వచ్చే చోట ఈలోగా ఇరవై కెరటాలు పడతాయి. దుంగల తెప్ప మీద అదే నీరు రెండో కెరటం వచ్చేలోపే జారిపోతుంది.

దుంగలకూ ఒక లోపం ఉంది: నీరు పీలుస్తాయి. అందుకే తాళ్లతో కట్టిన తెప్పలను వేట నుంచి రాగానే విప్పి ఇసుక మీద ఆరబెట్టేవారు. మంచి దుంగలు దొరకడమూ కష్టమైంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఎఫ్ఏఓ బంగాళాఖాత కార్యక్రమం, ప్రొపెల్లరును పైకి లేపుకోగల ఇంజనుతో ఇసుక మీదికి ఎక్కే పడవలను రూపొందించింది. ఆ తర్వాతి కాలంలో ఆంధ్ర తీరమంతా ఫైబర్ తెప్పలు వచ్చాయి. దుంగ బదులు గాజుపీచు, రెజిన్‌తో చేసిన పెంకు. లోపల థర్మకోల్ లాంటి నురుగు. పైన మూసేసిన తలం. సూత్రం మాత్రం పాతదే. తలం నీటిమట్టం కన్నా ఎత్తున ఉంటుంది, పడిన నీరు పక్కల్లోని తూముల్లోంచి తనంతట తానే జారుతుంది.

ఆ ఎత్తే ఇక్కడ ప్రాణం. వల, ఐసు, ఇంజను, మనుషులు కలిసి మోయగలిగినదాన్ని మించితే తలం నీటిమట్టం కిందికి దిగుతుంది. అప్పుడు నీరు పోవలసిన తూముల్లోంచే లోపలికి వస్తుంది. ఇసుకకు కొట్టుకుని పెంకు బీటలు వారినా ప్రమాదమే. లోపలికి ఊరిన నీరు పైకి కనబడదు. ఒడ్డుకు లాగేటప్పుడు ఎప్పుడూ సరిపోయే మనుషులు చాలకపోతే అనుమానించాలి. దుంగల తెప్పలా విప్పి ఆరబెట్టే వీలు దీనికి లేదు. బీట దగ్గర గరుకు కాగితంతో రుద్ది, లోపలి చెమ్మ పూర్తిగా ఆరాకనే గాజుపీచు, రెజిన్ వేసి మూయాలి.