పచ్చబొట్టు పొడిపించుకునే ముందు



పోయిన వార్షికోత్సవం నాడు కరాటే ప్రదర్శన అయ్యాక మేం పూర్వ విద్యార్థులం నలుగురం మెస్ ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాం. తొమ్మిదో తరగతి తమ్ముళ్లు ఐదారుగురు వచ్చి చుట్టూ చేరారు. ఒకడి ముంజేతి మీద బాల్‌పెన్నుతో గీసిన డ్రాగన్. ఇంకొకడి మెడ మీద ధ్యానంలో ఉన్న బుద్ధుడు. మూడోవాడి చేతి మీద ఏదో చైనా అక్షరం. అదేమిట్రా అని అడిగితే "శక్తి అన్నా" అన్నాడు. ఎవరు చెప్పారంటే సెల్‌ఫోన్‌లో ఉందన్నాడు. టెన్త్ పరీక్షలు అయిపోగానే వాళ్లు నిజంగానే పొడిపించుకుంటారట. వీటిలో ఏది మంచిదో చెప్పమన్నారు. ఆ రోజు బస్సు టైం అయిపోవడంతో సరిగా చెప్పలేకపోయాం. ఆ జవాబే ఇది.

ముందు మా బ్యాచ్ సంగతి ఒకటి చెప్పాలి. మాలో అందరికంటే బాగా పరుగెత్తేవాడు ఒకడుండేవాడు. ఇంటర్ చదివే రోజుల్లో తిరునాళ్లలో మెడ పక్కన డ్రాగన్ బొమ్మ పొడిపించుకున్నాడు. తర్వాత ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్లాడు. 1.6 కిలోమీటర్ల పరుగులో ముందు వరుసలో వచ్చాడు. తీరా పచ్చబొట్టు దగ్గర ఆపేశారు. ఇప్పుడు మంచి స్థితిలోనే ఉన్నాడు గానీ, ఎవరైనా కొత్తవాళ్లు ఎదురైతే చొక్కా కాలర్ పైకి లాక్కునే అలవాటు మాత్రం పోలేదు. నిబంధన ఏమిటో అతనికీ తెలియదు, పక్కనున్న మాకూ తెలియదు.

ఆ నిబంధన ఇదీ. ఆర్మీలో చేరాలంటే శాశ్వతమైన పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపున, అంటే మోచేతి లోపలి మడత నుంచి మణికట్టు దాకా, లేకపోతే అరచేతికి వెనుక వైపున మాత్రమే ఉండాలి. ఇంకెక్కడున్నా ఎంపిక నుంచి తప్పిస్తారు. ఆచారంగా ముఖం మీద, ఒంటి మీద పొడిపించుకునే గిరిజన తెగల వారికి మినహాయింపు ఉంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల్లో ఇంకొంచెం గట్టిగా చూస్తారు. ముంజేయి అయితే ఎడమదే కావాలి, ఎందుకంటే సెల్యూట్ చేసేది కుడి చేత్తో. చేతి వెనుక భాగం మీదైనా ఫరవాలేదు. అయితే ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ స్థలంలో ఉండాలి. దేవుడి గుర్తు, పేరు వంటివాటికి అభ్యంతరం లేదు. మన హాస్టల్ నుంచి ఏటా ఎంతమంది కానిస్టేబుల్, జవాన్ ఉద్యోగాలకు గ్రౌండులో చెమటోడుస్తారో మీకు తెలుసు. అందుకే ఎక్కడ పొడిపించుకోవాలి అన్నది ఏ బొమ్మ అన్నదానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ పేరా ఒక్కటీ మళ్లీ సరిచూసుకోండి.

ఇక బొమ్మ సంగతికి వద్దాం. పచ్చబొట్టు మనకు కొత్తదేం కాదు. మన అమ్మమ్మల, నాయనమ్మల చేతుల మీద ఉన్నవి ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పొడిచినవే. ఛత్తీస్‌గఢ్‌లో రామ్‌నామీలని ఉన్నారు. అంటరానివారని గుడిలోకి రానివ్వని రోజుల్లో, 1890ల నుంచి, వాళ్లు రాముడి పేరును ఒళ్లంతా, కొందరైతే నొసటి మీద కూడా పొడిపించుకోవడం మొదలుపెట్టారు. గుడి తలుపు మూసుకుంటే మూసుకోండి అన్నట్టు! అర్థమున్న పచ్చబొట్టు అంటే మాకు ముందు గుర్తొచ్చేది వాళ్లే.

యుద్ధవిద్యకూ, బౌద్ధానికీ, పచ్చబొట్టుకూ నిజంగా ముడి ఉన్న చోటు థాయ్‌లాండ్. కిక్ బాక్సింగ్ వీడియోల్లో అక్కడి ముయ్ థాయ్ యోధుల వీపు మీద గోపురాల్లాగా, నిలువు గీతల్లాగా కనిపించేవి మీరు చూసే ఉంటారు. వాటిని సక్ యంత్ అంటారు. సక్ అంటే పొడవడం. యంత్ అంటే మన యంత్రమే, తాయెత్తులోని రాగిరేకు మీద గీసేలాంటిది. అందులోని అక్షరాలు ఖోమ్ అనే పాత ఖ్మేర్ లిపిలో ఉంటాయి, మంత్రాలు పాళీ భాషలో ఉంటాయి. బ్యాంకాక్‌కు పడమరగా నఖోన్ పాథోమ్ రాష్ట్రంలో వాట్ బాంగ్ ఫ్రా అనే బౌద్ధ విహారం దీనికి పేరు పొందింది. అక్కడ భిక్షువులే పొడవాటి లోహపు సూదితో చేత్తో పొడుస్తారు. ఏటా మార్చిలో అక్కడ పెద్ద గురుపూజ జరుగుతుంది. ఆ రోజు పులి బొమ్మ ఉన్నవాడు పులిలా గాండ్రిస్తూ పరుగెత్తుతాడు, హనుమంతుడి బొమ్మ ఉన్నవాడు గెంతులు వేస్తాడు. మన జాతరల్లో పూనకం చూసినవాళ్లకు ఇదేమీ వింతగా ఉండదు. ఆ హనుమంతుడు కూడా మనవాడే, రామకియెన్ అనే థాయ్ రామాయణం నుంచి వచ్చినవాడు.

హా తేవ్ అనే ఐదు గీతల యంత్రాన్ని 2003లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ ఎడమ భుజం వెనుక వేయించుకున్నాక అది ప్రపంచమంతా ఫ్యాషన్ అయిపోయింది. అయితే ఫొటోల్లో కనిపించనిది ఒకటుంది. యంత్రం పొడిచాక గురువు నియమాలు చెప్తాడు. చంపరాదు, దొంగిలించరాదు, వ్యభిచరించరాదు, అబద్ధమాడరాదు, మత్తు తాగరాదు. ఇవి తప్పితే యంత్రం శక్తి పోతుందని వాళ్ల నమ్మకం. నమ్మకం మాటెలా ఉన్నా, ఈ ఐదింటి పేరు పంచశీల. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ గారు బౌద్ధం స్వీకరించినప్పుడు చెప్పుకున్నదీ ఈ పంచశీలనే. స్టడీ హాల్లో ఆయన పటం కింద కూర్చుని చదువుకున్న మనకు ఇవి పరాయి దేశపు మాటలు కావు. ఆదివారం ఔటింగ్‌లో చాటుగా బీరు తాగి వచ్చినవాడి వీపు మీద ఐదు గీతలుంటే ఏం బాగుంటుంది చెప్పండి.

జపాన్ సంగతి వేరు. మీరు నేర్చుకునే కరాటే జపాన్ నుంచి వచ్చింది కాబట్టి జపాన్ డ్రాగన్ వేయించుకుంటే గురువు సంతోషిస్తాడని అనుకుంటారేమో. అక్కడ ఒకప్పుడు నేరస్థులకు శిక్షగా చేతుల మీద, ముఖం మీద పచ్చ పొడిచేవారు. 1872లో ప్రభుత్వం పచ్చబొట్లను నిషేధించింది, ఆ నిషేధం 1948 దాకా ఉంది. ఒళ్లంతా పొడిపించుకునే అలవాటు యాకుజా అనే గూండా ముఠాలకు గుర్తుగా మిగిలిపోయింది. ఇప్పటికీ పచ్చబొట్టు ఉన్నవాళ్లను చాలా వేడినీటి స్నానశాలల్లోకి, కొన్ని జిమ్ముల్లోకి రానివ్వరు. షోటోకాన్ కరాటే వారి గుండ్రటి పులి బొమ్మ ఉంది కదా, దాన్ని గురువు ఫునకోషి కోసం కొసుగి హోఅన్ అనే చిత్రకారుడు గీశాడు. అది పుస్తకం కోసం గీసిన బొమ్మే గానీ ఒంటి మీద పొడవడానికి గీసింది కాదు.

చైనా, జపాన్ అక్షరాల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. స్టెన్సిల్ తిరగబడితే అక్షరం తలకిందులవుతుంది, ఒక గీత తప్పితే ఇంకో మాటవుతుంది. పొడిచేవాడికి ఆ భాష రాదు, మనకూ రాదు. మన తమ్ముడి చేతి మీది 'శక్తి'ని మాకు తెలిసిన ఒకరికి ఫొటో తీసి పంపాం. అందులో ఒక గీత తక్కువుందని చెప్పారు. బాల్‌పెన్ను కాబట్టి సబ్బుతో పోయింది.

అర్థం తెలిస్తే మాత్రం ఈ అక్షరాల్లో గొప్పవి ఉన్నాయి. మాకు బాగా నచ్చింది కరాటేలోని 'కర'. కరాటే అంటే ఖాళీ చేయి. మొదట్లో ఆ మాటను 'చైనా చేయి' అనే అర్థం వచ్చే అక్షరంతో రాసేవారు. 1936లో ఒకినావా గురువులు సమావేశమై ఖాళీ అనే అక్షరాన్ని ఖాయం చేశారు. ఆయుధం లేని చేయి అన్నది పైకి కనిపించే అర్థం. కానీ బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి మార్చినవారు 'శూన్యత' అన్న మాటకు వాడింది కూడా ఆ అక్షరాన్నే. శూన్యతను తర్కంతో నిలబెట్టిన ఆచార్యుడు ఎవరు? నాగార్జునుడు. సంప్రదాయం ఆయనను శాతవాహన రాజుతోనూ, శ్రీపర్వతంతోనూ ముడిపెడుతుంది. నాగార్జునకొండ పేరు ఆయనదే. ఎక్స్‌కర్షన్‌లో మనం లాంచీ ఎక్కి వెళ్లి చూసిన కొండ! తెల్లబట్టలు వేసుకుని గ్రౌండులో మీరు రోజూ పలికే మాటలో నాగార్జునుడి మాట దాగి ఉంది. మన 'సున్న' కూడా ఆ శూన్యం నుంచి పుట్టినదే (లెక్కల పేపర్లో వచ్చేది కాదులెండి). జెన్ బౌద్ధులు ఒకే కుంచె వేటుతో ఎన్సో అనే వలయాన్ని గీస్తారు. అక్షరం తప్పిపోతుందన్న భయం లేకుండా, ముంజేతి మీద రూపాయి బిళ్లంత చోటులో సరిపోయే గుర్తు అది.

షావోలిన్‌ను, బోధిధర్ముణ్ణి అడిగినవాళ్లూ ఉన్నారు. 2011లో 'సెవెన్త్ సెన్స్' సినిమా వచ్చాక ఆయన కుంగ్‌ఫూ నేర్పిన మనవాడని అందరికీ తెలిసింది. ఆయన దక్షిణ భారతం నుంచి వెళ్లాడన్న కథ పాతదే గానీ, కుంగ్‌ఫూ ఆయనే నేర్పాడన్నది చాలా తర్వాత పుట్టిన మాట అని చరిత్రకారులు అంటారు. షావోలిన్ ఆలయం 495లో కట్టింది బుద్ధభద్రుడనే మరో భారతీయ భిక్షువు కోసం. తెలుపు నలుపు చేపల్లా తిరిగే యిన్-యాంగ్ గుర్తు కూడా బౌద్ధం కాదు, అది చైనా తావో మతం వారిది.

బుద్ధుడి బొమ్మ పొడిపించుకుంటామన్నవాళ్లకు ఒక మాట. బౌద్ధ దేశాల్లో బుద్ధుడి రూపాన్ని ఒంటి మీద, అందులోనూ నడుము కింద వేయించుకోవడాన్ని అవమానంగా చూస్తారు. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని శ్రీలంకలో ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని అరెస్టు చేసి దేశం నుంచి పంపేశారు. అది తప్పని అక్కడి సుప్రీంకోర్టు 2017లో తేల్చి 8 లక్షల శ్రీలంక రూపాయలు పరిహారం ఇప్పించింది. ఉద్యోగం కోసం ఏ దేశానికి వెళ్తామో ఎవరికి తెలుసు?

అసలు మన అమరావతి శిల్పులు తొలినాళ్లలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం చెక్కారు, బోధివృక్షం చెక్కారు, అరికాళ్లలో చక్రమున్న పాదాలు చెక్కారు. చూసేవాడికి అక్కడ బుద్ధుడున్నాడని తెలిసేది. ఎనిమిది ఆకుల ధర్మచక్రం అష్టాంగ మార్గానికి గుర్తు. జెండా మీది అశోకచక్రానికి 24 ఆకులుంటాయి, రెండూ కలిపేయకండి. మాట రాయించుకోవాలంటే పాళీకి సొంత లిపి అంటూ లేదు. సింహళంలో సింహళ లిపిలో, థాయ్‌లాండ్‌లో థాయ్ లిపిలో రాస్తారు. 'ధమ్మ' అని తెలుగులో రాయించుకుంటే తప్పు దొర్లినా మీరే పట్టుకోగలరు.

18 ఏళ్లు నిండేదాకా ఆగండి. తిరునాళ్లలో ఒకే సూది పదిమందికి వాడతారు, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి అంటుకునే దారి అది. సూది మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్ నుంచి తీయాలి. పొడిపించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదు. లేజర్‌తో తీయించవచ్చు కదా అంటారు. రంగు చర్మం లోపలి పొరలో కూర్చుంటుంది కాబట్టి ఒక్కసారికి పోదు, చాలాసార్లు వెళ్లాలి, డబ్బు చాలా అవుతుంది, ఒక్కోసారి మచ్చ మిగులుతుంది. మా స్నేహితుడు వెళ్లి రేటు అడిగి తిరిగి వచ్చేశాడు.

మా నలుగురిలో పచ్చబొట్టు ఉన్నది ఒక్కరికే. ఎడమ ముంజేతి లోపల చిన్న చక్రం, అదీ ఉద్యోగంలో చేరిన మూడేళ్లకు. వచ్చే వార్షికోత్సవానికి అమరావతి పాదాలు, చక్రాల ఫొటోలు పెద్దవిగా తీయించి తెస్తాం. పీఈటీ సార్ గదిలో పెడతాం. కార్బన్ పేపరు, బాల్‌పెన్నులు మీరు తెచ్చుకోండి.