పీకించే ముందు ఒక్కమాట అడగండి

పన్ను నొప్పి మొదలైతే రాత్రంతా కునుకు పట్టదు. తెల్లవారగానే మనం అనే మాట ఒక్కటే: "పీకించి పారేస్తే పీడ విరగడవుతుంది." ఇంట్లో అమ్మీ, నానీమాలైతే బుగ్గన లవంగం పెట్టుకుని నెలల తరబడి ఓర్చుకుంటారు. చివరకు దంతవైద్యుని వద్దకు వెళ్లేది పీకించుకోవడానికే. పోతే పోనీ, ఇంప్లాంట్ పెట్టించుకుందాం అనే ధైర్యం కూడా ఈమధ్య పెరిగింది. పీకిన పన్ను మాత్రం మళ్లీ మొలవదు.

పుచ్చు నరం దాకా పోయినంత మాత్రాన పన్ను పనికిరాకుండా పోదు. రూట్ కెనాల్ చికిత్సలో చెడిన నరాన్ని తీసి, వేరులోని సన్నని కాలువలను శుభ్రం చేసి, గట్టా పెర్చా అనే పదార్థంతో నింపుతారు. నమిలే పన్నయితే సాధారణంగా పైన తొడుగు కూడా అవసరం. మనలో చాలామంది నొప్పి తగ్గగానే తొడుగు వేయించకుండా ఊరుకుంటారు. తర్వాత పన్ను విరిగితే చికిత్సను నిందిస్తారు.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మర. స్వీడన్ శాస్త్రవేత్త బ్రానెమార్క్ దీనిని 1965లో తొలిసారి ఒక రోగికి అమర్చారు. మరను ఎముక గట్టిగా పట్టుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. దీనికోసం పక్క పళ్లను అరగదీయనక్కర్లేదు. పుచ్చు పట్టదు. అయితే చుట్టూ చిగురు వాచి ఎముక కరిగే ప్రమాదం ఉంది. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి, బీడీ, సిగరెట్ తాగేవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

సహజమైన పన్నుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. అన్నంలో రాయి తగిలితే చప్పున తెలిసేది దానివల్లనే. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. అందుకే నిలబడే పన్నును నిలబెట్టుకోవడమే మొదటి మార్గం. వేరు నిలువునా చీలినా, ఎముక బాగా కరిగి పన్ను ఊగిపోతున్నా పీకించక తప్పదు. అప్పుడు ఇంప్లాంట్ మంచి ఉపాయమే. పిల్లలకు మాత్రం దవడ ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగాలి.

మనం తప్పక అడగవలసిన సంగతి మరొకటుంది. ఎముక పలచబడినవారికి ఇంప్లాంటుకు ముందు ఎముక పొడి వేయవలసి రావచ్చు. అది ఆవు, పంది లేదా మనిషి ఎముక నుంచి తీసినది కావచ్చు, కృత్రిమంగా తయారైనదీ కావచ్చు. ఏది వాడుతున్నారో ముందే అడిగితే మనకు సమ్మతమైన రకాన్ని కోరుకునే వీలుంటుంది. పని అయిపోయాక విచారించి లాభం లేదు.

అలాగే ఈ పన్ను నిలుస్తుందా, ఎందుకు నిలవదు, రెండు మార్గాలకూ మొత్తం ఖర్చెంత అని ఎక్స్‌రే ముందు పెట్టుకుని అడగండి. సందేహం ఉంటే మరో వైద్యునికి చూపించండి. ఇక మిస్వాక్ అయినా, బ్రష్ అయినా రోజూ తప్పనిసరి. సొంత పన్నుకూ, పెట్టించుకున్న పన్నుకూ ఆ శుభ్రతే ఆయుష్షు.