‘సెటిల్మెంటు’ అను మాట

జహీరాబాదు పట్టణమున నొక పూట తిరిగినవారికి ‘సెటిల్మెంటు’ అను ఇంగ్లీషు మాట నాలుగు చోట్ల నాలుగు విధములుగా వినబడును. రిజిస్ట్రేషను కచేరీ కడ దస్తావేజు లేఖరి, తండ్రి కొడుకునకు ఆస్తి వ్రాసియిచ్చు పత్రమును సెటిల్మెంటు అనును. కోర్టు వరండాలో వకీలు ఉభయపక్షముల రాజీని ఆ పేరనే పిలుచును. బ్యాంకులో మొండిబాకీని కొంత తగ్గించి ఒక్కమారుగా కట్టించుకొనుటయు సెటిల్మెంటే. హోటలులో తేనీరు త్రాగుచు పెద్దలు, ‘మీ అబ్బాయి హైదరాబాదులో సెటిలయినాడా?’ యని యొకరినొకరు అడుగుకొందురు. తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి వినవచ్చు ఈ సరిహద్దు పట్టణమున పరభాషాపదము వింత గాదు. అయినను ఇన్ని పనులకు ఒక్క మాటయే చాలునని తృప్తిపడుట క్షేమమా యని మేము ప్రశ్నింపవలసివచ్చినది.

ఈ పదమునకు మూలార్థము కూర్చుండుట. ప్రాచీనాంగ్లమున ‘సెట్ల్’ అనగా ఆసనము. మన ‘సద్’ ధాతువు దీనికి జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. సదనము, సదస్సు ఆ ధాతువునుండి వచ్చినవే. ప్రసాదము, విషాదము కూడ దానినుండియే పుట్టినవి. మడ్డి అడుగునబడి నీరు తేరుట ప్రసాదము. మనస్సు క్రుంగుట విషాదము. ఇంగ్లీషు పదముయొక్క నడకయు నట్టిదే. నీటిలో మట్టి పేరుకొనుటయు సెటిల్మెంటే, ఇంజనీరుల పరిభాషలో పునాది క్రుంగుటయు సెటిల్మెంటే. స్థిరపడుటయు దిగబడుటయు ఒకే మాటయందు ఇమిడియున్నవి. మన దేశచరిత్రయందు ఈ మాట తిరిగిన త్రోవను చూచినచో, ఒకరు స్థిరపడిన చోట మరియొకరు దిగబడుట పలుమారు కానవచ్చును.

కారన్వాలిసు 1793లో బంగాళమున నెలకొల్పిన శాశ్వత సెటిల్మెంటు 1802లో మద్రాసు రాజధానికిని వచ్చినది. జమీందారు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు శాశ్వతముగా స్థిరపడినది. రైతు జమీందారునకు చెల్లింపవలసిన శిస్తునకు అట్టి శాశ్వతత్వము లేకపోయెను. రైత్వారీ సీమలలో ముప్పదియేండ్లకొకసారి ‘రీసెటిల్మెంటు’ వచ్చెడిది. ఆ మాట వినగానే కృష్ణా గోదావరి జిల్లాల రైతులు శిస్తు పెరుగునని గుండె చిక్కబట్టుకొనెడివారు.

నిజాము రాజ్యమున ఈ పనికి ‘బందోబస్తు’ అని పేరు. పారసీకమున ఆ మాటకు కట్టి బిగించుట యని యర్థము. భూమిని కొలిచి, సర్వే నంబరు వేసి, శిస్తు నిర్ణయించి వ్రాసిన సేత్వారు నేటికిని భూవివాదములందు కోర్టులలో సాక్ష్యముగా నిలుచుచున్నది. నేడు తెలుగున బందోబస్తు అనగా పోలీసు కాపలా. తాతకు పట్టా తెచ్చిన మాట మనుమనికి లాఠీని జ్ఞప్తికి తెచ్చుచున్నది. ఆనాడు బీదరు జిల్లాలోనుండిన జహీరాబాదు 1956లో మెదకు జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడగా దానిలో చేరినది. జిల్లాలు మారినను సేత్వారు మారలేదు.

ఇంతకంటె కఠోరమైన అర్థమొకటి గలదు. గుంటూరుసీమలో బాపట్ల చెంత 1913లో స్టువర్టుపురము ‘సెటిల్మెంటు’ వెలసినది. నేరస్థజాతుల చట్టము క్రింద యెరుకల కుటుంబములనచట ఉంచి, సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణకు అప్పగించిరి. పుట్టుకనుబట్టి మనుజుని దొంగయని నిర్ణయించి కాపలాలోనుంచుటకు పరప్రభుత్వమువారికి దొరకిన మెత్తని పేరిది. స్వతంత్రభారతము 1952లో ఆ చట్టమును రద్దుచేసినది. మరియొకవైపు, నిజాంసాగరు ఆయకట్టునకు కోస్తాజిల్లాలనుండి వచ్చిన రైతుల పల్లెలు నేటికిని ‘క్యాంపు’లుగనే పిలువబడుచున్నవి. మూడుతరములైనను వారు ఎన్నికలవేళ ‘సెట్లర్లు’గనే లెక్కకు వచ్చుచున్నారు.

గృహస్థులకు వలసిన హెచ్చరిక యొకటి ఇచట చేయుట మా విధి. సెటిల్మెంటు పత్రము వీలునామా వంటిదని పలువురు పెద్దలు తలచుచున్నారు. వీలునామా వ్రాసినవాని మరణానంతరమే అమలులోనికి వచ్చును. బ్రతికియున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చును. సెటిల్మెంటు పత్రము తక్షణమే హక్కును సంక్రమింపజేసినచో, పుచ్చుకొన్నవాడు స్వీకరించిన పిదప ఇచ్చవచ్చినట్లు రద్దుచేయ వీలుండదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణచట్టము 23వ సెక్షను కొంత రక్షణ కల్పించినది. పోషింతునను షరతుపై ఆస్తి పుచ్చుకొని పోషింపనిచో, ఆ పత్రము చెల్లదని ట్రిబ్యునలు ప్రకటింపవచ్చును. కావున ఆ షరతును పత్రముననే తేటతెలుగున వ్రాయించుకొనుట క్షేమము. వ్రేలిముద్ర వేయుటకు ముందు పత్రమును చదివించుకొని వినుట అంతకంటెను క్షేమము.

ఇక జహీరాబాదు ప్రస్తుత సమస్యకు వత్తము. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో జాతీయ పెట్టుబడుల, వస్తూత్పత్తి మండలికై పన్నెండువేల ఎకరములకు మించిన భూమిని ప్రభుత్వము తలపెట్టినది. 1894 నాటి భూసేకరణ చట్టమునకు బదులుగా 2014 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చిన 2013 చట్టము, పరిహారముతోపాటు జీవనోపాధిని మరల కల్పించుటను, నివాసమును మరల ఏర్పరచుటను కూడ హక్కులుగా పేర్కొన్నది. ఈ రెండవదానికి ఇంగ్లీషున ‘రీసెటిల్మెంటు’ అనియే పేరు. భూమిలేకున్నను మూడేండ్లుగా ఆ భూమిపై కూలిచేసి బ్రదుకు కుటుంబమును, కౌలుదారును, చేతిపనివానిని సైతము ఆ చట్టము నష్టపోయినవారిలో చేర్చినది.

తెలంగాణ ప్రభుత్వము 2015 జూలై 30వ తేదీన 123వ నంబరు జీవోను వెలువరించి, సమ్మతించిన యజమానులనుండి భూమిని నేరుగా కొనజొచ్చెను. యజమానునితో ధర సెటిలయినది. మరి ఆ భూమిలో కలుపుతీసి, కోతకోసి పొట్టపోసికొనుచుండిన కూలీ సంగతి యేమి? ఈ ప్రశ్నతోడనే జహీరాబాదు ప్రాంతపు వ్యవసాయకూలీలు హైకోర్టునకు పోగా, 2016 ఆగస్టు 3వ తేదీన న్యాయమూర్తి ఆ జీవోను కొట్టివేసిరి. ప్రభుత్వము అప్పీలు చేసినది. కూలీలకు సాయము చేయుటకు వేరు ఉత్తర్వులిచ్చినది. ఆ డిసెంబరులోనే 2013 చట్టమునకు సవరణబిల్లును శాసనసభలో నెగ్గించుకొన్నది. వ్యాజ్యపు గతి యెట్లున్నను, కూలీలు లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనది. ఇరువురు కూర్చుండి తేల్చుకొన్న బేరము మూడవవాని బ్రదుకును కూడ తేల్చినట్లు కాదు.

ఈ పత్రికను చదువువారిలో భూస్వాములు పెక్కురు. ‘మాకు రావలసినది వచ్చినది, సెటిలయినది’ అని వారూరకుండరాదని మా మనవి. పాలేరు చెమటయు కలిసియే ఆ పొలము ధర పలికినది. ప్రభుత్వమునకు మా కోర్కె చిన్నది. గ్రామసభలో చదువు ప్రకటనయందు సెటిల్మెంటు అను ఒక్క మాటతో సరిపుచ్చక, శిస్తు నిర్ణయమును శిస్తు నిర్ణయమనియు, దానపత్రమును దానపత్రమనియు, రాజీని రాజీ యనియు, నిర్వాసితునకు ఇచ్చు ఇంటిని ఇల్లనియు, ఉపాధిని ఉపాధి యనియు వేరువేరుగా తెలుగున వ్రాయవలెను. ఎవరికి ఏది వచ్చునో, ఎన్నటికి వచ్చునో అంకెలతో చూపవలెను. కన్నడము, ఉర్దూ మాటలాడు పల్లెలలో ఆ భాషలలోను చదివింపవలెను.

మాట తేటపడినచో బేరము తేటపడును. నీరు తేరినపిదపగదా అడుగు కనబడుట! ఆ తేటకు ముందే ‘అంతయు సెటిలయినది’ అని యెవరైన పలికినచో, ఎవరు స్థిరపడిరో, ఎవరు దిగబడిరో మనము నిలదీసి యడుగవలెను.