ఆంగ్లదేశపు పెద్దబజారు: పబ్బును, భోజనశాలను నిలుపుకొనుట



నేఁడు నేను ముచ్చటింపఁబోవు విషయము ఆంగ్లదేశమునకు సంబంధించినది. ఆ దేశపు పట్టణములలో 'హై స్ట్రీటు' అను పెద్దబజారుండును. రొట్టెల యంగడి, మందుల యంగడి, పోస్టాఫీసు, భోజనశాలలు, 'పబ్బు' అను పానశాల అందొక వరుసను నుండును. పబ్బనఁగా వట్టి కల్లుపాక యని తలంపరాదు. 'పబ్లిక్ హౌసు' అను మాటకు అది కుఱుచరూపము. ప్రజల యిల్లని యర్థము. బీరు త్రాగువారును, భోజనము చేసి వార్తలు చెప్పుకొని పోవువారును అచటికి వత్తురు. నేను మద్యపానమును మెచ్చువాఁడను గాను. అయినను మన రచ్చబండ చేయు పనినే, చలిదేశమగుటచేఁ గప్పును పొయ్యియుఁ గల యా యిల్లు చేయుచుండును. అది మూతపడిన ఊరికేమి లోటో మీకు వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

అవి మూతపడుటకుఁ గారణములు పెక్కులు. ఊరివెలుపలి పెద్ద దుకాణములును, సరకులను ఇంటికే పంపు వర్తకమును బజారునకు వచ్చు జనమును తగ్గించినవి. పెద్ద దుకాణములలో బీరుసీసాలు చవుకగా దొరకును. మఱియు ననేక పబ్బులు నడుపువాని సొత్తు కావు. 1989లో ప్రభుత్వము పెద్ద బీరు కంపెనీల చేతిలోని పబ్బుల సంఖ్యకు హద్దు పెట్టఁగా, వానిలోఁ బెక్కులు వేఱు కంపెనీల వశమయ్యెను. అట్టిచోట్ల అద్దెదారుఁడు అద్దె చెల్లించుటయే గాక, యజమాని చెప్పినచోటనే, చెప్పిన వెలకే బీరు కొనవలెను. 2016 నాఁటి నిబంధనలు పెద్ద కంపెనీల అద్దెదారులకు ఆ కట్టు వదలించుకొని అద్దె మాత్రమే చెల్లించు మార్గమును జూపినవి. ఇవిగాక, పబ్బుగా నుంచుటకంటె నివాసగృహములుగా మార్చినచోఁ గట్టడమునకు హెచ్చు వెల పలుకుట గలదు.

ఇఁక నిలుపుకొనుట యెట్లు? ముందుగా జమాఖర్చు చూడవలెను. అద్దె, పన్ను, జీతములు, దీపములు — పదిమంది వచ్చినను నలువదిమంది వచ్చినను వీని ఖర్చు ఇంచుమించొక్కటియే. శనివారము నిండిన బల్లలు తక్కిన దినముల వెలితిని పూడ్చుట కష్టము. మహమ్మారి వలన 2020 మార్చిలో ఈ శాలలు మూతపడెను. తెఱచిన పిమ్మట ఆగస్టులో, కూర్చుండి తినువారి భోజనపు వెలలో సగమును, మనిషికి 10 పౌండ్లు మించకుండ, ప్రభుత్వమే భరించెను. మద్యమునకు ఆ రాయితీ లేదు. అదియును సోమ, మంగళ, బుధవారములలో మాత్రమే. జనము పలుచనగు దినము లవియే గదా!

కావున మేలు గోరువాఁడు ఏఁటికొకమాఱు పండుగనాఁడు పదిమందితో వచ్చుటకంటె, వారమువారము మంగళవారమున నొకమాఱు వచ్చుట మేలు. బల్ల కావలెనని చెప్పి రాకుండుట తగదు. సిద్ధపఱచిన పదార్థమును, ఖాళీగా నుంచిన బల్లయు రెండును నష్టమే. భోజనము ఇంటికిఁ గావలసినవాఁడు మధ్యవర్తి కంపెనీ ద్వారా గాక నేరుగాఁ జెప్పి, తానే పోయి తెచ్చుకొన్నచో, మధ్యవర్తికిఁ బోవు రుసుము వండినవానికే మిగులును.

కొన్నియూళ్లవారు అంతకు మించిన పని చేసిరి. కంబ్రియా ప్రాంతపు హెస్కెట్ న్యూమార్కెట్ అను గ్రామమున 'ఓల్డ్ క్రౌన్' అను పబ్బును 2003లో నూఱుగురికిఁ బైగా వాటాలు వేసికొని సహకార పద్ధతిని గొనిరి. లండనులోని నన్‌హెడ్ పేటయందు 'ఐవీ హౌసు' 2012లో మూతపడెను. 2011లోఁ జేసిన చట్టముచే, అట్టి కట్టడమును ఊరికి విలువగల యాస్తిగాఁ బట్టికలో నెక్కింపవచ్చును; పిమ్మట యజమాని అమ్మఁదలఁచినచో, ఊరివారు సొమ్ము కూర్చుకొనుటకు ఆఱు మాసముల గడువు కోరవచ్చునని యేర్పాటయ్యెను. ఆ చట్టము గడువునే యిచ్చెను గాని సొమ్ము నీయలేదు. వారికే యమ్మవలెనని యజమానిని నిర్బంధింపనులేదు. అయినను పేటవారు పూని, అప్పును విరాళమును సంపాదించి, 2013లో దానిని గొనిరి. 371 మంది వాటాదారులైరి. ఇట్టి సంఘములలో వాటా లెన్ని యున్నను మనిషి కొక్కటే వోటు.

ఇందు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. వాటాసొమ్ము కట్టడమును గొనును గాని నెలనెల జీతములు చెల్లింపదు. వాటాదారుఁడు భోజనమునకుఁ గూడ వచ్చుచుండవలెను. మూసివేయుదుమని తలుపుపైఁ గాగితము అంటించిన తరువాతఁ జేయు విచారమునకంటె, తెఱచియున్న దినములలో నిచ్చు చిన్న బేరమే యెక్కువ యుపకారము. మన యూరి కాఫీ హోటలునకును, పూటకూళ్ల యింటికిని ఈ లెక్క సరిపోవునో లేదో, వానిని నడుపువారినే యడిగి చూడుఁడు.